ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం వెలగదు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే ఒకే జబ్బుతో వచ్చినవాళ్లంతా ఒకే బెంచీ మీద వరసగా కూర్చున్నట్టు అనిపించింది. అందరిదీ ఒకటే మొర: విడిభాగాలు తెచ్చి సొంతంగా కంప్యూటర్ కూర్చుకున్నాం, బటన్ నొక్కితే లేవడం లేదు. అందుకని ప్రింటర్ల వాళ్లనూ వైఫై వాళ్లనూ వచ్చే నెల దాకా ఆగమని బతిమాలుకుని, ఈ పేజీలు మొత్తం వీళ్లకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సెలవుల్లో మొదటిసారి సొంతంగా కంప్యూటర్ కూర్చాను. డీడీఆర్5 ర్యామ్ రెండు కర్రలు, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, రంగుల దీపాలు వెలుగుతున్నాయి. మానిటర్ మీద మాత్రం ‘సిగ్నల్ లేదు’ అని వస్తోంది. ఒకటి రెండు నిమిషాలు చూసి ఆపేస్తున్నాను. మూడుసార్లు మొత్తం విప్పి మళ్లీ బిగించాను. ప్రాసెసర్ పోయిందని నా స్నేహితుడు అంటున్నాడు. వేరేది కొనమంటారా?
(ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: కొనే మాట ముందు పక్కన పెట్టండి. ‘ప్రాసెసర్ పోయింది’ అంటూ ఇన్నేళ్లలో నా బల్ల మీదికి వచ్చినవాటిలో నిజంగా అది పోయినవి ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. నింద మాత్రం ఎప్పుడూ దాని మీదే.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాబట్టి ప్రాణం ఉన్నట్టే అని మీరు అనుకుంటున్నారు. ఫ్యానుకు 12 వోల్టులు అందితే చాలు, తిరుగుతుంది. పక్కన ప్రాసెసర్ ఉందో లేదో దానికి పట్టదు. అసలు జరిగేది ఇది. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన వోల్టేజీలుగా మార్చే డబ్బా) వెనుక స్విచ్చి వేసి ఉన్నంతసేపూ, మీరు ఏ బటనూ నొక్కకపోయినా, ఊదారంగు తీగలో 5 వోల్టులు మేలుకునే ఉంటాయి. మీరు బటన్ నొక్కగానే మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కు, అంటే నల్ల తీగకు, కలుపుతుంది. ఎస్‌ఎంపీఎస్‌కు అదే పిలుపు. అది లేచి, తన వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని తేల్చుకున్నాక, బూడిదరంగు తీగ మీద ‘సిద్ధం’ అని కబురు పంపుతుంది. అప్పటిదాకా ప్రాసెసర్‌ను మదర్‌బోర్డు కదలనివ్వదు. కబురు అందాక ప్రాసెసర్ బయోస్ (కంప్యూటర్‌ను లేపే తొలి ప్రోగ్రాం) చిప్‌లోని మొదటి ఆదేశం చదువుతుంది, ర్యామ్‌ను పలకరిస్తుంది, తర్వాత గ్రాఫిక్స్‌ను, చివరికి డిస్కును వెతుక్కుంటుంది. (ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావాటికి తీగలన్నీ నల్లగానే ఉంటున్నాయి. రంగులతో పాఠం నేర్చుకున్న నాలాంటివాళ్ల అవస్థ ఎవరికీ పట్టలేదు.)

మీ ఫ్యాన్లు తిరగడం మొదలయ్యేది ఈ మెట్లలో కింది మెట్టు మీద. తెర వెలగాల్సింది చాలా పైన. మధ్యలో ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోకుండా మూడుసార్లు విప్పి బిగిస్తే స్క్రూల తలలు అరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎక్కడ ఆగిందో చెప్పడానికి మీ బోర్డు మీద ఇప్పటికే ఒక ఏర్పాటు ఉండి ఉంటుంది. రంగుల దీపాల గురించి మురిపెంగా రాశారు. చిన్న దీపాల గురించి ఒక్క మాటా రాయలేదు. ఇప్పుడొస్తున్న చాలా బోర్డుల మీద, ఎక్కువగా కుడి అంచున, ఆవగింజంత దీపాలు నాలుగు ఉంటాయి. పక్కనే సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు) అని అచ్చువేసి ఉంటుంది. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కొక్కటి వెలిగి, ఆ మెట్టు దాటగానే ఆరిపోతుంది. ఏది ఆరకుండా నిలిచిపోయిందో గొడవ అక్కడ. గదిలో లైటు ఆపి, ఆ రంగుల దీపాలకు చెయ్యి అడ్డం పెట్టి చూడండి. అవి లేని బోర్డయితే, స్పీకర్ పిన్నులకు చిన్న బజర్ తగిలించి కూతలు లెక్కపెట్టండి. ఎన్ని కూతలకు ఏ అర్థమో బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకాన్ని పెట్టెలోనే వదిలేసి ఉంటారు, తీసి చదవండి.

నిలిచిపోయింది సీపీయూ దీపమైతే, ప్రాసెసర్‌ను అనుమానించే ముందు బోర్డు ఎడమవైపు పైమూల చూడండి. అక్కడ 8 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ తిండి అక్కడి నుంచే వస్తుంది. పెద్ద 24 పిన్నుల కనెక్టర్ పెట్టి దీన్ని మరిచిపోతే ఫ్యాన్లు మాత్రం చక్కగా తిరుగుతాయి. నేను మరిచిపోయి ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను, కాబట్టి సిగ్గుపడనక్కర్లేదు. ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. గ్రాఫిక్స్ కార్డు తీగ కూడా 8 పిన్నులదే, చూడడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగుగా విడుతుంది, కార్డుది ఆరూ రెండుగా విడుతుంది. రెండింటిలో 12 వోల్టుల వరసా గ్రౌండ్ వరసా అటుదిటు. దూరకపోతే బలం చూపించకండి. అలాగే, ఊడదీసుకునే తీగలున్న ఎస్‌ఎంపీఎస్‌కు వేరే ఎస్‌ఎంపీఎస్ తీగలు ఎన్నడూ పెట్టకండి. ఆ చివర పిన్నుల వరస ఒక్కో తయారీదారుది ఒక్కో తీరు. కనెక్టర్ సుఖంగా కూర్చుంటుంది, డిస్కు కాలిపోతుంది.

వెలిగేది డీర్యామ్ దీపం అయితే మాత్రం మీ కథ వేరు, అదే అయి ఉంటుందని నా అనుమానం. డీడీఆర్5 ర్యామ్‌ను కొత్త బోర్డు మొదటిసారి చూసినప్పుడు దానితో ఏ వేగాన, ఏ క్షణాన మాట్లాడితే తప్పు రాదో ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. ర్యామ్ ఎక్కువైన కొద్దీ అది నిమిషాలకు నిమిషాలు సాగవచ్చు. ఆ సమయమంతా తెర నల్లగానే ఉంటుంది, డీర్యామ్ దీపం వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ తనంతట తాను ఒకటి రెండుసార్లు ఆగి మళ్లీ లేవవచ్చు కూడా. మీరేమో ఒకటి రెండు నిమిషాలకే ఆపేస్తున్నారు. ఆపినప్పుడల్లా అది మళ్లీ మొదటికి వస్తోంది. మూడుసార్లు విప్పి బిగించి, ప్రతిసారీ దాని లెక్కలు మధ్యలో చెరిపేశారేమో!

కాబట్టి ఇలా చేయండి. ఒకటే ర్యామ్ కర్ర ఉంచండి. ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టండి, నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువ వాటికి అదే సరైన చోటు. రెండు చివరలా ‘టక్’ మనేదాకా నొక్కండి. కొన్ని బోర్డుల్లో గొళ్లెం ఒకవైపే ఉంటుంది, అటువైపు శబ్దం విని రెండోవైపు కూర్చుందనుకోవడం మామూలు పొరపాటు. తర్వాత బటన్ నొక్కి, గడియారం చూసుకుని, పావుగంట దాని జోలికి పోకండి. గదిలోంచి వెళ్లిపోతే ఇంకా మంచిది.

పోయేముందు మానిటర్ తీగ ఎక్కడ గుచ్చారో ఒకసారి చూడండి. విడిగా కార్డు ఉంటే తీగ కార్డుకే పెట్టాలి. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, వాటితో బోర్డు వెనుక హెచ్‌డీఎంఐలో గుచ్చి ఎంతసేపు ఎదురుచూసినా బొమ్మ రాదు.

ప్రశ్న: గత సంచికలో నా ప్రశ్నకు జవాబిస్తూ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చూడమన్నారు. రెండు ర్యామ్ కర్రల్లో ఒకటే కనిపిస్తోందనీ, వాటిని అటూఇటూ మార్చినా నాలుగు స్లాట్లలో ఎప్పుడూ అవే రెండు పనిచేయడం లేదనీ రాశాను. చూశాను. ఒక మూల ఒక పిన్ను పక్కకు వాలింది. ర్యామ్‌కూ దానికీ సంబంధమేమిటి? నేను సరిచేయగలనా?
(ఒక పాఠకురాలు)

జవాబు: భూతద్దంతో 1700 పిన్నుల మధ్య ఒక్కదాన్ని పట్టుకున్నారంటే ఆ చెయ్యి దాన్ని సరిచేయగలదు.

సంబంధం ఇది. ఒకప్పుడు ర్యామ్‌ను నడిపించే భాగం మదర్‌బోర్డు మీద వేరే చిప్‌లో ఉండేది. ఏఎండీ 2003లో దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చింది, ఇంటెల్ 2008లో తెచ్చింది. అప్పటి నుంచీ ర్యామ్ స్లాట్ల తీగలు నేరుగా ప్రాసెసర్ సాకెట్‌లోకి పోతున్నాయి. వాలిన పిన్ను వాటిలో ఒకటైతే, ఆ దారిలో ఉన్న స్లాట్లు రెండూ మూగబోతాయి. ర్యామ్ మంచిదే, స్లాట్లూ మంచివే, పిలుపే అందడం లేదు.

ఇలాంటి పిన్నులు నేను ఎలా సరిచేస్తానో చెబుతాను. ఎస్‌ఎంపీఎస్ తీగ గోడ నుంచి తీసేయండి. బోర్డును కిటికీ దగ్గర బల్ల మీద పెట్టుకుని, టార్చి పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు సాకెట్ మట్టాన పట్టుకోండి. వెలుగు అలా పడితే పిన్నుల కొనలన్నీ నాట్లు వేసిన మడిలా వరసల్లో మెరుస్తాయి. వంగింది ఆ వరసలో మెరవదు, లేదా పక్క వరసలో మెరుస్తుంది. చూసింది మరిచిపోకుండా ఫోనుతో దగ్గరగా ఒక ఫొటో తీసి పెట్టుకోండి, అద్దాలు సర్దుకునేలోపు కన్ను తప్పిపోతుంది. ఇప్పుడు 0.5 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్ ఒకటి తీసుకుని లోపలి ములుకు మొత్తం తీసేయండి. ములుకు పొడి సాకెట్‌లో రాలితే కరెంటుకు దారి ఇస్తుంది, అందుకే చిన్న ముక్క కూడా ఉండకూడదు. ఖాళీ గొట్టాన్ని పిన్ను కొనకు మెల్లగా తొడిగి, వంగినదానికి ఎదురుదిశలో వెంట్రుకవాసి వంచండి. తీసి చూడండి. మళ్లీ వెంట్రుకవాసి. ఒక్కసారిలో నిటారుగా తేవాలని చూస్తే విరుగుతుంది. ఊపిరి బిగబట్టకండి, బిగబడితే చెయ్యి వణుకుతుంది. అసలు ఆకారం కూడా నిటారు కాదు, పక్కవాటిలా కాస్త ఒరిగే ఉండాలి. పక్క పిన్నులతో పోల్చుకోవడమే కొలత.

ఒకవేళ విరిగితే ఆ బోర్డు మిగిలిన రెండు స్లాట్లతోనే బతకాలి. ఇప్పుడు కూడా అలాగే బతుకుతోంది కాబట్టి ప్రయత్నించమనే నా సలహా.

ప్రశ్న: బటన్ నొక్కగానే ఫ్యాను కదిలి వెంటనే ఆగిపోతోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినా అదే వరస. లెక్కల పంతులుగా ముప్ఫై ఏళ్లు పనిచేసినా ఈ లెక్క తేలడం లేదు.
(రిటైరైన ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, ‘వెంటనే’ అంటే ఎంతసేపో రాయలేదు. ఇందులో అదే అసలు లెక్క. గడియారం పట్టుకుని చూడండి. కన్ను మూసి తెరిచేలోపు ఆగిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది. నాలుగైదు సెకన్లకు ఆగితే క్యాబినెట్ బటన్ లోపలికి ఇరుక్కుపోయి ఉంటుంది, బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ ఆగిపోవడం మామూలు నియమమే. అంతకన్నా ఎక్కువ ఆగి, వేడెక్కి ఆరిపోతుంటే ప్రాసెసర్ మీది కూలర్ తీసి అడుగు చూడండి. రాగి పళ్లెం మీద ‘బిగించే ముందు తీసేయండి’ అని రాసిన ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోయి కనిపించవచ్చు. నవ్వకండి, చదువుకున్నవాళ్లే మరిచిపోతారు.

కన్ను మూసి తెరిచేలోపు ఆగే రకమైతే నా సొంత కథ వినండి. నేను కూర్చిన మొట్టమొదటి కంప్యూటర్ సరిగ్గా ఇలాగే చేసింది. మూడు రోజులు ఎస్‌ఎంపీఎస్‌ను తిట్టాను. నాలుగో రోజు విసుగొచ్చి బోర్డును బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి చూస్తే బుద్ధిగా లేచింది! క్యాబినెట్‌లో బోర్డు కింద నిలబెట్టే ఇత్తడి కాళ్లు ఉంటాయి కదా, వాటిలో ఒకటి బోర్డుకు రంధ్రం లేనిచోట బిగించి ఉంది. నేనే బిగించాను. బోర్డు వెనుక టంకం చుక్కల మీద దాని తల ఒత్తుకున్న గుండ్రటి గుర్తు ఇప్పటికీ ఉంది.

మీరూ అదే చేయండి. అట్టపెట్టె మీద బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, అంతే. గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీసేయండి, డిస్కులూ వద్దు. బోర్డు వచ్చిన మెరిసే సంచి మీద మాత్రం పెట్టకండి, కొన్ని రకాల సంచుల పైపొర కరెంటును పోనిస్తుంది. క్యాబినెట్ బటన్ లేకుండానే నడపవచ్చు. పవర్ స్విచ్చి అని రాసి ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే బటన్ నొక్కినట్టే. ఇంత తక్కువ సరంజామాతో లేచిందంటే తప్పు తీసేసినవాటిలో ఉంది. లేవలేదంటే మిగిలినవాటిలో ఉంది. ఇక ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవడమే, ఒకేసారి రెండు చేర్చకుండా. ఆ తర్వాతి లెక్క మీకు నేను చెప్పాలా?

ప్రశ్న: ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించడానికి దాని పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగనూ నల్ల తీగనూ పేపర్ క్లిప్పుతో కలిపాను. ఫ్యాను తిరిగింది. అంటే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా?
(పేరు రాయవద్దన్న పాఠకుడు)

జవాబు: లేవగలదని మాత్రమే తెలిసింది, బరువు మోయగలదని తెలియలేదు. క్లిప్పు అలాగే ఉంచి మల్టీమీటర్ పెట్టండి. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.47 వోల్టులు ఉండాలి. హద్దు దాటితే ఎస్‌ఎంపీఎస్ మార్చండి. హద్దులో ఉన్నా పూర్తిగా నమ్మకండి, బరువు పడ్డాక కుంగిపోయేవి ఉంటాయి. వేరే కంప్యూటర్‌లో మంచిదని తెలిసిన ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టి చూడడమే కచ్చితమైన పరీక్ష, తీగలు కూడా దానివే వాడాలి. తీగలన్నీ నల్లవైతే 24 పిన్నుల్లో 16వది మీ ఆకుపచ్చది, దాని అటూఇటూ ఉన్న 15, 17 గ్రౌండ్.

డబ్బా మాత్రం విప్పకండి. తీగ గోడ నుంచి తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లు ప్రాణాంతకమైన వోల్టేజీని పట్టుకుని ఉండవచ్చు. ఈ విషయంలో నేను సరదాగా మాట్లాడను.

ప్రశ్న: మా అబ్బాయి ఏడేళ్ల కిందట సొంతంగా కూర్చిన కంప్యూటర్ ఇది. అతను ఊళ్లో లేడు. కొన్ని నెలలు వాడకుండా ఉంచి మొన్న వేస్తే తేదీ ఎప్పటిదో చూపించింది, ఆపైన బూట్ డివైస్ దొరకలేదని ఆగిపోయింది. నా ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. పోయినట్టేనా?
(ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు ధైర్యం తెచ్చుకోండి. తేదీ వెనక్కి పోయిందని రాయడం చాలా మంచిదైంది, సగం జవాబు అందులోనే ఉంది. బోర్డు మీద చిన్న నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, దాని మీద సీఆర్2032 అని చెక్కి ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు 3 వోల్టులు ఇస్తుంది. అది అయిపోతే బోర్డు తేదీతో పాటు తన అమరికలు కూడా మరిచిపోయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటి తీరుకు వెళ్లిపోతుంది. మీ అబ్బాయి అప్పట్లో మార్చి పెట్టినవి పోయాయి. ఫొటోలు ఉండేది డిస్కులో, ఆ బ్యాటరీతో వాటికి పని లేదు.

కంప్యూటర్ ఆపి, గోడ నుంచి తీగ తీసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని, బ్యాటరీ మార్చండి. రాత ఉన్నవైపు పైకి ఉండాలి. తర్వాత డిలీట్ మీట నొక్కుతూ వేస్తే చాలా బోర్డుల్లో బయోస్ తెరుచుకుంటుంది. అక్కడ పరికరాల జాబితాలో డిస్కు పేరు కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే గండం గడిచినట్టే. మీ అబ్బాయికి ఫోను చేసి రెండు విషయాలు అడగండి: బూట్ పద్ధతి యూఈఎఫ్ఐనా, పాతకాలపు లెగసీనా? సాటా అమరిక ఏహెచ్‌సీఐనా, రెయిడ్‌నా? అతను ఏది చెబితే అది పెట్టి సేవ్ చేయండి. పేరు కనిపించకపోతే డిస్కు తీగలు రెండు చివరలా ఒకసారి తీసి గట్టిగా గుచ్చండి. డిస్కును ఫార్మాట్ చేయమని ఎవరు చెప్పినా, తెర మీద ఏ బటన్ అడిగినా ఒప్పుకోకండి. లేచిన రోజే ఫొటోలు ఇంకోచోట దాచుకోండి.

ప్రశ్న: పాత బోర్డు ఉంచుకుని కొత్త తరం ప్రాసెసర్ వేశాను. సాకెట్ ఒకటే, కానీ సీపీయూ దీపం వెలిగి ఆగిపోతోంది. పాత ప్రాసెసర్ ఇచ్చేశాను.
(ఒక పాఠకుడు)

జవాబు: సాకెట్ ఒకటైనంత మాత్రాన బోర్డుకు ఆ ప్రాసెసర్ తెలియాలని లేదు, దాని బయోస్ మీ ప్రాసెసర్ కన్నా ముందు పుట్టింది. పాత ప్రాసెసర్ ఇచ్చేసే ముందు బయోస్ కొత్తది ఎక్కించి ఉంటే ఈ ఉత్తరం రాసేవారు కారు. బోర్డు వెనుక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూడండి. ఉంటే ప్రాసెసర్ ఊసే లేకుండా పని జరుగుతుంది. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, తయారీదారు సైటు నుంచి మీ బోర్డుకు సంబంధించిన ఫైలే దించుకుని, పుస్తకంలో చెప్పిన పేరు పెట్టి, దానికోసం గుర్తుపెట్టిన యూఎస్‌బీలో గుచ్చి బటన్ కాసేపు నొక్కి పట్టండి. బటన్ లేని బోర్డయితే పాత ప్రాసెసర్ ఎవరికిచ్చారో వాళ్లను ఒక గంట అరువు అడగక తప్పదు. ఎక్కుతున్నంతసేపూ చిన్న దీపం మిణుకుమంటూ ఉంటుంది. అది ఆగేదాకా పెన్‌డ్రైవ్ మీదా, ఎస్‌ఎంపీఎస్ స్విచ్చి మీదా చెయ్యి వేయకండి.